షట్టరు దించేలోగా

ఆ నిబంధన రాసింది ఆమే. బ్యాంకులో ఎవరికైనా లంచం ఇవ్వజూపితే, దాన్ని తిరస్కరించడం ఒక్కటే చాలదు. ఇవ్వజూపినవారి పేరుతో సహా ఆ సంగతి మరుసటి పనిదినం షట్టరు దించేలోగా విజిలెన్స్ విభాగానికి చేరాలి. చేర్చనివాడు తీసుకున్నవాడితో సమానం.

బ్యాంకు కమిటీ ముందు, విజిలెన్స్ అధికారిణిగా ఆమె దీన్ని గట్టిగా సమర్థించింది. అంతకుముందు ఏడాది ఆమె విచారించిన శాఖలో లంచం తీసుకున్నవారు ఇద్దరే. తక్కినవాళ్ళంతా నిజాయితీపరులు; ఆ ఇద్దరి సంగతి తక్కినవాళ్ళందరికీ తెలుసు. పిలిచి అడిగితే ఒక్కొక్కరూ తమ చేతులు శుభ్రంగా ఉన్నాయని చెప్పుకున్నారు. ఆ చేతులతోనే కళ్ళు మూసుకున్నారన్న ధ్యాస ఒక్కరికీ లేదు. తీసుకోనివాడి మౌనం తీసుకునేవాడికి నీడ అవుతుందని ఆమె కమిటీకి చెప్పింది. కమిటీ ఆమోదించింది. ఆమె చెప్పింది నిజమే కనుక.

నిబంధన అమలవుతోందో లేదో తెలుసుకోవడానికి పరీక్షలు మొదలుపెట్టారు. ఖాతాదారు వేషంలో ఒక మనిషి వెళ్ళి, కష్టం చెప్పుకుని, ఏదో ఒకటి అధికారి చేతిలో పెట్టబోతాడు. ఆ మనుషులను నాటక సమాజాల నుంచి తెచ్చేవారు. వాళ్ళ కష్టాలను ఆమె రాసేది. ఆ పనిలో ఆమెకు మంచి పేరు వచ్చింది. ఆమె రాసిన కష్టంలో ఎక్కడా అతుకు కనిపించదని ఆమె పై అధికారి అనేవాడు. అందరూ అతన్ని చీఫ్ అనే పిలిచేవారు. ముఖ్యమైన మాట ఏదైనా సరే, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ తప్ప చెప్పని మనిషి.

ఒకరోజు అతను అద్దాలు తుడుచుకుంటూ, మార్కెట్ వీధి శాఖలో అప్పులు మంజూరు చేసే అధికారి పేరు మేనేజరు పదోన్నతికి వచ్చిందనీ, పరీక్ష పెట్టకుండా ఆ పదోన్నతి ఇవ్వరనీ చెప్పాడు. ఆ అధికారి ఆమె అక్క భర్త. ఆమె ఆ చుట్టరికం గుర్తుచేసింది. చీఫ్‌కు అది తెలుసు. పరీక్ష నడిపేది వేరే బృందమనీ, ఆమె కథ రాసిస్తే చాలనీ, ఆ మనిషిని ఏది కదిలిస్తుందో ఆమె కంటే ఎరిగినవారు ఎవరున్నారనీ అన్నాడు. ఆమె కాదనవచ్చు. కాదంటే ఇంకొకరు రాస్తారు.

ఆమె ఒప్పుకుంది. భయపడి ఒప్పుకోలేదు, గర్వంతో ఒప్పుకుంది. బావ నెగ్గుతాడని ఆమెకు అనుమానం లేదు. తల్లి పోయాక తనను పదో తరగతి నుంచి చదివించినవాడు, షాపువాడు పొరపాటున ఎక్కువ చిల్లర ఇస్తే ఎండలో వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చినవాడు. మరదలి కథ కాబట్టి సులువుగా ఉందన్న మాట రేపు ఎవరూ అనకూడదు. అందుకని ఆమె కథను తనకు చేతనైనంత బరువుగా రాసింది. బావ తల్లి ఇంటింటి బట్టలూ ఇస్త్రీ చేసి కొడుకును పెంచింది. ఆమె కథలోని స్త్రీది కూడా ఇస్త్రీ పనే. భర్త మంచం పట్టాడు. ఆవిరి ఇస్త్రీ యంత్రానికి అప్పు కావాలి. ఇంటి యజమాని ఇవ్వవలసిన అనుమతి పత్రం ఒక్కటే లేదు. ఆ లోటు చూడకుండా వదిలేయమని వేలి ఉంగరం తీసి ఇస్తుంది.

వేషానికి కుదిరిన నటి పని మీద శ్రద్ధ గలది. కొన్నాళ్ళు ఒక ఇస్త్రీ కొట్లో కూర్చుని చేయి తిప్పడం నేర్చుకుంది. వెళ్ళే రోజు ఉదయం మణికట్టు మీద నిజంగానే వాత పెట్టుకుంది.

మధ్యాహ్నానికల్లా నటి తిరిగివచ్చి జరిగింది చెప్పింది. ఆయన ఉంగరాన్ని ముట్టుకోలేదు. కలం మొనతో బల్ల మీద వెనక్కి తోశాడు. ఇలాంటి పని ఇంకెక్కడా చేయవద్దని, ఎవరైనా చూస్తే చిక్కుల్లో పడతావని మందలించాడు. అనుమతి పత్రం ఎలా అడగాలో, యజమాని బెట్టు చేస్తే ఏమని చెప్పాలో ఒక కాగితం మీద రాసిచ్చాడు. సొరుగులోంచి మలాం తీసి వాతకు రాసుకోమన్నాడు. ఆ మలాం గొట్టం నటి సంచిలో ఇంకా ఉంది.

విజిలెన్స్ అధికారిణికి గుండె నిండినట్లయింది. ఇక బావ మర్నాడు షట్టరు దించేలోగా రాసిస్తే చాలు.

ఆ సాయంత్రం ఆమె అక్క ఇంటికి భోజనానికి వెళ్ళింది. పరీక్ష సంగతి బయటపెట్టడం కూడా నేరమే కనుక ఏమీ చెప్పడానికి లేదు. అతని నోట వినాలని మాత్రం ఉంది. బావ తలుపు తీస్తూనే లోపలికి కేకేశాడు.

“ఏమేవ్, మీ ఇంటి పోలీసొచ్చింది. గిన్నెలు లెక్కపెట్టుకో.”

“వచ్చిన మనిషిని కూర్చోనివ్వండి ముందు,” అంది అక్క వంటింట్లోంచి.

భోజనాల మధ్యలో అతనే ఎత్తుకున్నాడు. ఇవాళ ఒకావిడ వచ్చిందనీ, అచ్చం తన తల్లిలాగే బల్ల అంచును అరచేత్తో చదును చేస్తూ మాట్లాడిందనీ, చివరికి ఉంగరం తీసి పెట్టిందనీ చెప్పాడు. బల్ల అంచు సంగతి మరదలు రాసినదే. ఎప్పుడో అతనే చెప్పిన జ్ఞాపకం. ఆమె తల వంచుకుని అన్నం కలుపుతూ, మామూలుగా అడిగినట్టు అడిగింది.

“రాసిచ్చావా బావా?”

“ఎవరికి, నీకా? నీ చేతికిస్తే ఆవిణ్ణి పచ్చడి చేసి పెడతావు.”

“నవ్వులాట కాదు. రూలుంది.”

“తెలుసు. చదువుతుంటే నీ గొంతే వినిపించింది.” అతను నీళ్ళు తాగి గ్లాసు పెట్టాడు. “రాసిస్తే ఏమవుతుందో చెప్పు. ఆవిడ పేరు అన్ని బ్యాంకులకీ ఎక్కుతుంది. ఇంక జన్మలో ఎవడూ అప్పివ్వడు. ఆవిడ చేసిన తప్పేంటి? చేతిలో ఏదైనా పెట్టకపోతే పని కాదని ఎవడో చెప్పాడు. ఆ చెప్పినవాడు మన బ్యాంకువాడే అయ్యుంటాడు. వాణ్ణి పట్టుకో పోయి.”

“ఆవిడ పేరేంటి?”

“చెప్పను.”

“బావా, రేపు సాయంత్రంలోగా రాసివ్వు. నా మాట విను.”

ఆమె గొంతులో ఏదో వినిపించి అక్క తలెత్తింది. బావకు వినిపించలేదు. అతను ఆమె పళ్ళెంలోకి పెరుగు వేస్తూ, “తిను. డ్యూటీ రేపు పొద్దున,” అన్నాడు.

మర్నాడు షట్టరు దిగింది. మార్కెట్ వీధి శాఖ నుంచి ఏమీ రాలేదు.

పరీక్ష బృందం ‘మౌనం’ అని రాసి ముగించింది. కానీ ఆమెకు ఒక దారి తోచింది. తెలియజేయాలని నిబంధన అంటోంది. రాతలోనే తెలియజేయాలని అనడం లేదు. బావ గడువులోపల ఒక విజిలెన్స్ అధికారికి నోటితో చెప్పాడు. ఆ అధికారి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నంత మాత్రాన అధికారి కాకుండా పోదు. ఆమె ఆ రాత్రి భోజనం సంగతి ఉన్నదున్నట్టు రాసి చీఫ్‌కు ఇచ్చింది. అతన్ని బయటపడేయడానికి తన దగ్గరున్నది అదొక్కటే.

చీఫ్ చదివాడు. అద్దాలు తీశాడు.

“పేరు అడిగావా?”

“అడిగాను.”

“చెప్పాడా?”

జవాబు ఆమె రాసిన కాగితంలోనే ఉంది.

“మరిచిపోయాడేమో, రూలు తెలియదేమో అనుకున్నాను ఇప్పటిదాకా,” అన్నాడు చీఫ్. “తెలిసే చేశాడన్నమాట. అదీ విజిలెన్స్ ముఖం మీదే చెప్పాడు. మంచి పని చేశావు. ఇది లేకపోతే మందలించి వదిలేసేవాళ్ళం.”

బావను విధుల నుంచి తప్పించి నోటీసు ఇచ్చారు. విచారణ నెల తరువాత. ఆ నెలలో ఆమె అక్క ఇంటికి వెళ్ళలేదు. విచారణ ముగిసేదాకా వెళ్ళడం పద్ధతి కాదు.

ఒక సెలవురోజు ఉదయం అక్కే వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఎప్పుడూ కూర్చునే కుర్చీ కాకుండా తలుపు పక్క స్టూలు మీద కూర్చుంది. సంచిలోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచింది. అమ్మ గొలుసు.

“అమ్మ నీకే ఇమ్మంది చిట్టీ. నేనే ఇవ్వలేదు. పెట్టుకోవాలని ఆశ.”

“ఇప్పుడెందుకు తెచ్చావు?”

“ఆ భోజనాల దగ్గర మాటలు నువ్వు రాయకపోతే ఎవరికి తెలుసు? అది వెనక్కి తీసుకో. పొరపాటుగా రాశానని చెప్పు. ఇంకేం అడగను.”

“బావకు తెలుసా, నువ్వొచ్చినట్టు?”

“తెలిస్తే గుమ్మం దాటనిస్తాడా? చంపేస్తాడు.”

అక్క ఏడవలేదు. గొలుసు కొక్కేన్ని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది, దాని మీద ఏదో మరక ఉన్నట్టు.

అక్కను చూస్తూ ఆమె మనసులో మొదట పుట్టిన ప్రశ్న ఒకటే: ఎవరు పంపారు? చీఫ్ అలాంటివాడే. పరీక్ష పెట్టేవాళ్ళకు పరీక్ష పెట్టడం అతనికి తోచని పని కాదు. బావ ఉద్యోగం నిలబెడతానంటే అక్క ఒప్పుకుని ఉండవచ్చు. ఆమె అక్క ముఖంలో అతుకు కోసం వెతికింది. కంటి కొసల్లో, పెదవి వంపులో, మాటకూ మాటకూ మధ్య విడిచిన జాగాలో వెతికింది. ఏడవకపోవడం కూడా అనుమానంగానే కనిపించింది. తన నటులకు ఆమె నేర్పే మొదటి పాఠం అదే, ఏడవవద్దని.

“ఏంటలా చూస్తున్నావు?” అంది అక్క. “నేనే. మీ అక్కని.”

“రేపు సాయంత్రంలోగా ఇది నేను రాసివ్వాలి అక్కా.”

అక్క నవ్వబోయింది. మధ్యలో ఆపి, చెల్లెలి ముఖంలోకి చూసి, డబ్బా మూత పెట్టింది.

“ఆయన నిన్ను పోలీసంటుంటే కోప్పడేదాన్ని,” అంది లేచి నిలబడుతూ. చెప్పులు వేసుకోవడానికి గుమ్మం బయట కొంచెంసేపు పట్టింది. కాలికి ఎక్కలేదో, కనబడలేదో. తలుపు ఇవతల నుంచి ఆమె ఆ చప్పుడు వింటూ నిలబడింది. తలుపు తీయలేదు.

మర్నాడు రాసిచ్చింది. నిబంధన అడిగినంతే రాసింది: ఎవరు, ఏమిటి, దేనికోసం. చీఫ్ చదివి చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. ఆమె ఏమీ అడగకుండానే, “ఇది నేను పంపింది కాదు,” అన్నాడు. “అలా అనుకున్నావేమోనని చెబుతున్నా.”

ఆమె తన గదికి వచ్చి కూర్చుంది. అక్క ముఖాన్ని మళ్ళీ గుర్తుచేసుకోవాలని ప్రయత్నించింది. తాను వెతికిన కంటి కొసలు, పెదవి వంపు, అన్నీ విడివిడిగా గుర్తున్నాయి. అవి ఒక ముఖంగా కలవలేదు.

విచారణ గదిలో పొడవాటి బల్ల. ఒకవైపు చీఫ్, ఇద్దరు సభ్యులు; చివర ఆమె. ఎదురుగా బావ. అతను చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నట్టుంది. తల్లి నేర్పిన పని, కాలరు అంచు కత్తిలా నిలిచింది. సాక్షిగా నటిని పిలిచారు. ఆమె తన మామూలు బట్టల్లో వచ్చింది, జుట్టు కత్తిరించుకుని. అయినా బావ వెంటనే గుర్తుపట్టి కుర్చీలోంచి సగం లేచాడు.

“మీ ఆయనకెలా ఉందమ్మా?”

నటి చీఫ్ వైపు చూసింది. చీఫ్ చెప్పమన్నట్టు చేయి ఆడించాడు.

“నాకు పెళ్ళి కాలేదండీ. నేను నాటకాల్లో వేస్తాను.”

బావ ఆమె కత్తిరించుకున్న జుట్టు కేసీ, మామూలు బట్టల కేసీ చూశాడు. తరువాత నెమ్మదిగా వెనక్కి వాలాడు. నెల రోజులుగా బిగిసి ఉన్నదేదో అతని భుజాల్లోంచి దిగిపోయింది.

“అమ్మయ్య,” అన్నాడు. “అయితే మంచం పట్టినవాడెవడూ లేడు.”

“ఇందులో సంతోషించాల్సిందేముంది?” అన్నాడు చీఫ్.

“కాగితం తీసుకుని వస్తానని మళ్ళీ రాలేదండీ ఆవిడ. ఏమైందో అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.” మళ్ళీ నటి వైపు తిరిగాడు. “మరి ఆ చెయ్యి?”

“అది నిజమేనండీ,” అంది నటి, మణికట్టును రెండో చేత్తో కప్పుకుంటూ. “తగ్గిపోయింది.”

సభ్యుల్లో ఒకడు ఏదో రాసుకున్నాడు. విచారణను బావ తేలికగా తీసుకున్నాడని ఆ తరువాత నివేదికలో ఉంది.

అభియోగం చదివారు. రూలు తెలుసా అంటే తెలుసన్నాడు. పేరు దాచావా అంటే దాచానన్నాడు. మళ్ళీ అలాంటి సందర్భం వస్తే ఏం చేస్తావని అడిగితే, ఈసారి ముందు పెళ్ళయిందో లేదో కనుక్కుంటానన్నాడు. ఆ సభ్యుడు అదీ రాసుకున్నాడు. అంతటితో తేలిపోయినట్టే. ఉద్యోగం పోతుంది, పెన్షను మిగులుతుంది.

అప్పుడు చీఫ్ రెండో కాగితం పైకి తీశాడు.

“మీ భార్య మా అధికారికి బంగారు గొలుసు ఇవ్వజూపింది. తనంతట తాను వెళ్ళిందా, మీరు పంపారా? తనంతట తాను వెళ్ళుంటే బయటి మనిషి కాబట్టి పోలీసులకి అప్పజెప్పాలి. మీరు పంపుంటే ఇది ఇక్కడితోనే ముగుస్తుంది. కానీ మీకు పెన్షను కూడా ఉండదు. ఆలోచించుకుని చెప్పండి.”

అతనికి ఆ సంగతి తెలియదని గదిలో అందరికీ కనిపించి ఉండాలి. ‘గొలుసా’ అన్నట్టు పెదవులు కదిలాయి. అతను మరదలి వైపు చూశాడు. ఆ గదిలోకి వచ్చాక చూడడం అదే మొదలు. కోపంగా చూడలేదు. పరీక్ష హాలు నుంచి తిరిగివచ్చిన పిల్లను, ఎలా రాశావని అడిగే ముందు చూసినట్టు చూశాడు.

“నేనే పంపానండీ,” అన్నాడు.

అతని నోట ఆమె విన్న మొదటి అబద్ధం అదే. చెప్పడం అలవాటు లేనివాడు కాబట్టి కొంచెం గట్టిగా చెప్పాడు.

చీఫ్ బల్ల చివరికి తల తిప్పాడు. “మీ అక్క ఆ రోజు ఇంకేమైనా చెప్పిందా? ఇందులో రాయనిది?”

తెలిస్తే గుమ్మం దాటనిస్తాడా. ఆ మాట ఆమె చెవిలో ఉంది. చెబితే అక్క పోలీసు స్టేషనులో కూర్చుంటుంది. చెప్పకపోతే ఈ మనిషి ముప్పై ఏళ్ళ చాకిరీ ఒక అబద్ధం కింద పోతుంది. తీసుకోనివాడి మౌనం గురించి కమిటీకి తాను చెప్పిన వాక్యం ఒక్క పొల్లు పోకుండా గుర్తొచ్చింది. ఇప్పటికీ అందులో తప్పేమీ కనిపించలేదు.

“లేదండీ,” అంది.

చీఫ్ అద్దాలు తుడుచుకున్నాడు. అతనికీ తెలుసునేమో. తన ముందున్న కాగితం మీద సంతకం పెట్టాడు.

వరండాలో లిఫ్టు కోసం నిలబడి ఉన్నాడు బావ. మెళ్ళో ఇన్నేళ్ళూ వేలాడిన గుర్తింపు కార్డు లేదు. చేయి అలవాటుగా అక్కడికి వెళ్ళి, ఏమీ దొరక్క గుండీ సర్దుకుని దిగుతోంది. ఆమె దగ్గరికి వెళ్ళి పక్కన నిలబడింది.

“నేనిలా అన్నానని మీ అక్కకి చెప్పకు,” అన్నాడతను లిఫ్టు తలుపుల వైపే చూస్తూ. “తనవల్లే పోయిందనుకుని కుమిలిపోతుంది.”

“బావా...”

లిఫ్టు వచ్చింది. లోపలికి వెళ్ళి ఇటు తిరిగాడు. ఎప్పటి మేలమాడే ముఖం పెట్టబోయాడు. సగం వరకే కుదిరింది.

“అబద్ధమని తెలిసీ ఊరుకున్నావు కదూ. ఫరవాలేదు, నీకింకా రేపు షట్టరు దించేదాకా టైముంది, పోలీసూ.”

తలుపులు మూసుకున్నాయి.

మర్నాడు ఆమె తెల్ల కాగితం ముందు పెట్టుకుని రోజంతా గదిలోనే ఉంది. సాయంత్రం నటి వచ్చింది, తరువాతి వేషం అడగడానికి. చీఫ్ ఉదయమే కబురు పంపాడు: ఈసారి పరీక్ష విజిలెన్స్ విభాగంలోవాళ్ళకే. మొన్న ఆమె రాసిచ్చిన కాగితం చూశాకే తనకా ఆలోచన వచ్చిందనీ, కథ కూడా ఆమే రాస్తే బాగుంటుందనీ చెప్పమన్నాడు.

“నేనెవర్నండీ ఈసారి?” అంది నటి కూర్చుంటూ.

“అక్కవి. తమ్ముడి ఇంటికి వెళ్తావు. చేతిలో అమ్మ గొలుసుంటుంది.”

నటి కొత్త కథ విన్నప్పుడల్లా చేసినట్టు కళ్ళు మూసుకుని, ఒడిలో ఖాళీ చేతులు పెట్టుకుని, లేని గొలుసు బరువు చూసింది.

“ఎక్కడ కూర్చోవాలి?”

“తలుపు పక్కన స్టూలుంటే దాని మీద.”

“ఏడవాలా?”

కింద వీధి వైపు బ్యాంకు షట్టరు దిగడం మొదలైంది. తుప్పు పట్టిన పట్టాల మీద ఆగి ఆగి, గీసుకుంటూ దిగుతోంది. ఆమె కిటికీ వైపు చూడలేదు. అడుగు అంచు నేలకు తగిలి, తాళం పడిన చప్పుడు వినిపించేదాకా ఆగింది.

“వద్దు,” అంది. “కొక్కేన్ని బొటనవేలితో రుద్దుతూ ఉండు.”